ఇంటి ప్లాను: సిద్ధముగా నున్నదా, సొంతముగా గీయించినదా?

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. పెండ్లిలోని కొఱత నాలుగు దినములు చెప్పుకొన్నపిదప మఱపునకు వచ్చును. ఇంటిలోని కొఱత ఆ యింట నున్నంత కాలము కనబడుచునే యుండును. రైతు తన జీవితమున సాధారణముగా ఒక్క పర్యాయమే ఇల్లు కట్టును. పంటపై మిగిల్చిన సొమ్ము, సంఘమునుండి గాని బ్యాంకునుండి గాని తెచ్చిన అప్పు, ఒక్కొక్కచోట అమ్మిన ఎకరము కూడ పునాదిలోనికి పోవును. కావున మొదటి బండ వేయుటకు ముందే తేల్చుకొనవలసిన ప్రశ్న యొకటి కలదు. ఇతరులు గీసి యుంచిన ప్లానును తెచ్చుకొని కట్టుకొనుట మేలా? లేక తన స్థలమునకును తన కుటుంబమునకును తగునట్లు క్రొత్తగా గీయించుకొనుట మేలా? ఈ సంచికలో ఆ విషయమును విచారింతము.

లాలాగూడ క్వార్టర్లు నేర్పు పాఠము

సికింద్రాబాదు స్టేషనునకు సమీపమున లాలాగూడ యున్నది. మన గ్రామములనుండి పోయి అచ్చటి రైల్వే కార్ఖానాలో పనిచేయువారును, పనిచేసి విరమించినవారును కలరు. ఆ కార్ఖానాను నిజాము గ్యారంటీడు స్టేటు రైల్వే కంపెనీవారు 1893లో నెలకొల్పిరి. 1930లో ఆ రైల్వేను నిజాము ప్రభుత్వము కొనెను. 1951లో అది మధ్య రైల్వేలో కలిసెను. 1966 అక్టోబరు 2వ తేదీనుండి లాలాగూడ దక్షిణ మధ్య రైల్వేలో నున్నది.

కార్ఖానా ఉన్నచోట పనివారికి నివాసములు వలయును గదా! రైల్వే క్వార్టర్లకు ఒకటవ టైపు, రెండవ టైపు అని తరగతులు కలవు. ఉద్యోగి జీతపు తరగతిని బట్టి అతనికి టైపు నిర్ణయింపబడును. ఒక వరుసలోని యిండ్లు ఒకే ప్లానుపై లేచి యుండును. బంధువును చూడబోయిన రైతు ఆ వరుసలను, సమముగా నున్న గుమ్మములను, గాలి వచ్చు కిటికీలను చూచి, “మన ఊరిలోను ఇట్టి యిల్లే కట్టుకొందము” అనుకొనుట సహజము.

అయితే ఆ ప్లాను అచ్చట ఏల సరిపోయినదో మొదట తెలిసికొనవలెను. రైల్వేవారు ఒక యిల్లు గాక వందలకొలది యిండ్లు కట్టవలసియుండెను. ప్లాను ఒకటే యైనచో ఖర్చు ముందే తెలియును. తలుపు చెడిపోయిన అదే కొలతతో మఱియొక తలుపు దొరకును. నేడొక ఉద్యోగి యుండును, రేపు బదిలీపై మఱియొకడు వచ్చును. అది ఉద్యోగమునకు కట్టిన యిల్లు. ఉద్యోగి మాఱినను ఇల్లు మాఱనక్కఱలేదు. పైగా ఆ యింటివాడు తన పనిముట్లను ఇంటికి తెచ్చుకొనడు. పనివాని కార్ఖానా లాలాగూడ ప్రహరీలోపల నున్నది. రైతు కార్ఖానాలో సగము అతని యింటిలోనే యున్నది. విత్తనములు, ఎరువులు, మందుకొట్టు యంత్రము, మోటారు సామాను, పశువులు, అమ్మకమునకు వేచియున్న ధాన్యము, ఇవన్నియు ఇంటనే తలదాచుకొనవలెను. ఒకనికి సరిపోయిన ప్లాను మఱియొకనికి ఏల ఇఱుకగునో దీనివలన తెలియుచున్నది.

సిద్ధమైన ప్లానువలని లాభములు

దీనినిబట్టి సిద్ధమైన ప్లానులు పనికిరానివని తలంపరాదు. వానివలని లాభములు గట్టివి. గీయించు రుసుము మిగులును. ఆ ప్లానుపై కట్టిన యిల్లు ఎక్కడనైన నున్నచో స్వయముగా పోయి, లోపల నడచి, అందున్నవారిని మంచిచెడ్డలు అడుగవచ్చును. కాగితముపై కనబడని లోపములు అప్పటికే బయటపడి యుండును. ఇటుకలెన్ని, సిమెంటెంత, ఇనుమెంత అను లెక్క ముందే దొరకును. మేస్త్రికి అలవాటైన పనియైనచో పొరపాట్లు తగ్గును.

అమెరికా దేశమున సియర్స్ రోబక్ అను వర్తక కంపెనీ 1908 మొదలు 1940 వఱకు ఇండ్లను కేటలాగు ద్వారా అమ్మెను. కొనువాడు పుస్తకములోని బొమ్మను చూచి ఆర్డరు పంపిన, కోసి సిద్ధపఱచిన కలప, తలుపులు, మేకులు మొదలగునవి రైలు పెట్టెలో అతని ఊరి స్టేషనునకు చేరెడివి. ఈ విధముగా 70,000కు పైగా ఇండ్లు అమ్ముడుపోయినట్లు లెక్క. ఇచ్చట మనము గమనింపవలసిన అంశము వేఱొకటి కలదు. కొనువాడు కోరినచో ప్లానును కుడియెడమలు మార్చుటకును, కొన్ని మార్పులు చేయుటకును ఆ కంపెనీవారు సమ్మతించెడివారు. వేలకొలది అమ్మువారు సైతము ఒకే ప్లాను ఎల్లరకు ఉన్నదున్నట్లు సరిపోదని గ్రహించి యుండిరి.

లాతూరు భూకంపమునకు పిదప

ఈ విషయమున మనకు మిక్కిలి దగ్గఱనున్న గుణపాఠము లాతూరు ప్రాంతముది. 1956 వఱకు ఆ ప్రాంతము హైదరాబాదు రాజ్యములోనిదే. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవాఱుజామున కిల్లారి చుట్టుప్రక్కల భూమి కంపించెను. సుమారు 8,000 మంది మరణించిరి. అచ్చటి పాత యిండ్లు తరతరముల ఆచారముననుసరించి కట్టినవే. దొడ్డ రాతిగోడలు, నడుమ మట్టి అడుసు, పైన ఎండ చొరకుండ మందముగా పఱచిన మట్టి మిద్దె. వేసవికి చల్లగా నుండెడివి. కాని గోడలోని రాళ్లను ఒకదానితో నొకటి బంధించునది లేకపోవుటచే గోడలు విచ్చిపోయి, పైనున్న బరువంతయు నిద్రించువారిపై పడెను.

పిమ్మట 52 గ్రామములను క్రొత్త తావులకు మార్చిరి. ఇండ్లు మూడు పరిమాణములలో కట్టబడెను: భూమి లేనివారికిని అతి తక్కువ భూమి గలవారికిని 250 చదరపు అడుగులు, మధ్యతరగతివారికి 400, పెద్ద రైతులకు 750. వీథులు తిన్నగా వెడల్పుగా నుండెను. ఇండ్లు బలముగా నుండెను. కాని పశువులకును, పనిముట్లకును, పెరటిపనికిని తగిన తావు అనేకులకు చాలలేదు. ఇంటికి ఇల్లు దూరమై, వాడకట్టు విడిపోయెను. కొన్ని సంవత్సరములకు ఆ గ్రామములను చూచినవారికి ఇండ్లవారు తమంతట తాము ముందు వెనుకలకు వేసికొన్న కొట్టములు, వంటపాకలు కనబడెను. ఇండ్లను గీసినవారు అడుగని ప్రశ్నలకు ఆ పాకలే జవాబులైనవి.

ఇతర గ్రామములలో వేఱు పద్ధతి అవలంబింపబడెను. ప్రభుత్వము సొమ్మును సామానును ఇచ్చి ఇంజనీర్లను పంపగా, లక్షకు పైగా ఇండ్లను వాని యజమానులే తమ స్థలమునందే బాగుచేసికొనిరి, బలపఱచుకొనిరి, లేక తిరిగి కట్టుకొనిరి.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన ఒక సూత్రము దొరకును. ఆచారము ననుసరించిన ఇల్లు వసతిగా నుండియు ప్రాణము తీసెను. శాస్త్రము ననుసరించిన ఇల్లు ప్రాణము కాపాడునదయ్యు వసతికి చాలలేదు. కావున బలమును తెలిసినవారినుండి తీసికొనవలెను. వసతిని ఇంటివారే చెప్పవలెను. ప్లాను సిద్ధముగా నున్నదైనను, సొంతముగా గీయించినదైనను, ఈ రెండును కుదిరినదే మంచి ప్లాను.

ఊరు మాఱినచో చెల్లని సంగతులు

సిద్ధమైన ప్లానును తెచ్చుకొనువారు నాలుగు సంగతులను తమ స్థలమున తామే చూచుకొనవలెను.

మొదటిది నేల. ఎఱ్ఱమొరము నేలకు గీసిన పునాది నల్లరేగడిలో నిలువదు. నల్లరేగడి వానకు ఉబ్బును, వేసవిలో కుంచించుకొని పగుళ్లు తీయును. దానిపై తేలికగా వేసిన పునాది ఏటేట పైకి క్రిందికి కదలి గోడలు నెఱ్ఱెలువాఱును. రూర్కీలోని కేంద్ర గృహనిర్మాణ పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకొఱకు, క్రిందిభాగము గంటవలె వెడల్పైన కాంక్రీటు పైళ్లను వృద్ధిచేసిరి. ఏ పునాది తగునో గుంట త్రవ్వి, మట్టి చూచి, ఇంజనీరు చెప్పవలెను. నేల తెలియక గీసిన ప్లానులో పునాది బొమ్మ యున్నను అది మీది కాదు.

రెండవది దిక్కు. ఒక ప్లాను తూర్పు వీథికి గీయబడినదనుకొందము. అందు వంటయిల్లు ఆగ్నేయమున నున్నది. మీ వీథి పడమటనున్నది. ప్లానును అట్లే త్రిప్పి పెట్టిన వంటయిల్లు వాయవ్యమునకు పోవును. ఉదయపుటెండకు ఉద్దేశించిన వసారా సాయంకాలపుటెండకు మాడును. నైరృతి ఋతుపవనపు జల్లు నేరుగా ముందుగదిలోనికి కొట్టును. కావున ప్లాను ఏ దిక్కునకు గీసినదో మొదట చూడవలెను. పడమటిగోడకు కిటికీలు తగ్గించి పైన చూరు పెంచుట, లేక ఆ వైపున కొట్టునో మెట్లనో పెట్టుట మేలు. వాస్తు పట్టింపు గలవారును ఈ సంగతిని ముందే తేల్చుకొన్నచో, గోడలు లేచిన పిదప కూలద్రోయు దుస్థితి తప్పును.

మూడవది కొలత. 400 చదరపు అడుగుల ఇల్లనగా అంతయు కాలుమోపు తావని భ్రమపడరాదు. 20 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల ఇంటికి 9 అంగుళముల బయటిగోడలు వేసిన, లోపల 18½ అడుగుల చదరము మిగులును. అనగా 342 చదరపు అడుగులు. 58 చదరపు అడుగులు గోడలకే పోయినవి. లోపలి గోడలు వేసిన పిదప ఇంకను తగ్గును. అందు ఇరువది బస్తాల ధాన్యమును నాలుగేసి చొప్పున పేర్చిన, బస్తాకు మూడడుగుల పొడవు రెండడుగుల వెడల్పు లెక్కకు 30 చదరపు అడుగులు కావలెను. ఈ లెక్క వేయని ప్లానులో ధాన్యము పడకగదిలోనికి వచ్చును, మంచము వసారాలోనికి పోవును.

నాలుగవది రాబోవు కాలము. నేడు ఒక అంతస్తే కట్టినను, కుమారుని పెండ్లినాటికి పైన గది వేయు తలంపున్నచో ఆ బరువునకు తగిన పునాది, పిల్లర్లు మొదటనే యుండవలెను. మెట్లకు తావు విడువవలెను. ఒక్క అంతస్తునకు గీసిన ప్లానుపై పిదప రెండవ అంతస్తు మోపుట ప్రమాదము.

సొంతముగా గీయించుటలోని చిక్కులు

సొంత ప్లాను గీయించిన అన్నియు చక్కబడునని తలంచుటయు పొరపాటే. రుసుము ఇయ్యవలెను. మేస్త్రికి క్రొత్త పనియైన కాలము పట్టును. అన్నిటికంటె పెద్ద చిక్కు ఇంటివారినుండియే వచ్చును. అడిగిన గీసెదరు గదా యని రోజునకొక మార్పు చెప్పుచు, పని నడుచుచుండగా గుమ్మము జరుపుమనుట, గది పెంచుమనుట వలన అంచనా చెదరును, అప్పు పెరుగును. అక్కఱలేని ముందుగోపు హంగులకు సొమ్ము పోయి స్నానపుగది తలుపు కొనుటకు మిగులదు.

ఈజిప్టు దేశమున లక్సరు వద్ద హసన్ ఫతీ అను శిల్పి 1946లో గుర్నా గ్రామస్థుల కొఱకు మట్టి యిటుకలతో క్రొత్త గ్రామమును కట్టసాగెను. ఒకే యచ్చుబొమ్మను అందఱకు వేయక, కుటుంబమునకు తగిన యిల్లు గీయవలెనని ఆయన సంకల్పము. ఇండ్లు మిగుల అందముగా లేచినవి. అయినను గ్రామస్థులలో పెక్కుమంది పాత ఊరిని విడిచి రానొల్లలేదు. వారి జీవనము పాత ఊరినానుకొనియున్న ప్రాచీన సమాధులతో ముడిపడి యుండెను. ఎంత శ్రద్ధతో గీసినను, ఇంటివారి మనసును బ్రతుకుతెరువును ముందు తెలిసికొననిచో శ్రమ వృథా యగునని దీని భావము.

నేటి ప్రభుత్వ పథకములు

కేంద్ర ప్రభుత్వము 2016నుండి నడుపుచున్న గ్రామీణ ఆవాస యోజనలో ఇంటికి కనీసము 25 చదరపు మీటర్ల తావు, అందు శుభ్రమైన వంటచోటు ఉండవలెనని నియమము. గ్రామీణాభివృద్ధి శాఖవారు ఆయా ప్రాంతముల వాతావరణమునకును, దొరకు సామానునకును తగిన గృహనమూనాలను ‘పహల్’ అను పేర గ్రంథముగా ప్రకటించిరి. తెలంగాణమున 2015లో ఆరంభమైన రెండు పడకగదుల ఇండ్ల పథకములో 560 చదరపు అడుగుల ఇల్లు ప్రభుత్వము తరఫుననే కట్టబడుచుండెను. 2024 మార్చిలో ఆరంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము వేఱు. సొంత స్థలము గల లబ్ధిదారునికి పని దశలననుసరించి 5 లక్షల రూపాయలు నాలుగు విడతలుగా నిచ్చుటకు నిర్ణయించిరి. కట్టుకొను పని అతనిదే. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 మించరాదు. మండలకేంద్రములలో చూపుటకు నమూనా ఇండ్లును కట్టిరి.

ఇచ్చట సభ్యులు ఒక మాట గుర్తుంచుకొనవలెను. కనీస విస్తీర్ణము వంటి నియమములు మీఱరానివి. మీఱిన విడత నిలిచిపోవచ్చును. నమూనా ఇల్లు మాత్రము చూచి నేర్చుకొనుటకు కట్టినది. ఆ హద్దులోపల కొట్టుగది ఎచ్చట, వంటయిల్లు ఎచ్చట, వెనుక వాకిలి పశువుల కొట్టమునకు ఎదురుగా నుండవలెనా అను విషయములు ఇంటివారు ఆలోచించి, అధికారులతో ముందే చెప్పి కుదుర్చుకొనదగినవి.

ఏది ఎప్పుడు తగును?

మీ స్థలము సమముగా చతురస్రముగా నుండి, నేల గట్టిదై, కుటుంబము చిన్నదై, పశువులకు ధాన్యమునకు వేఱే తావున్నచో, పరీక్షకు నిలిచిన సిద్ధప్లాను చాలును. రుసుమునకు పెట్టు సొమ్మును మంచి ఇనుమునకు పెట్టవచ్చును. స్థలము వంకరగా నున్నను, రెండు ప్రక్కల పొరుగిండ్ల గోడలున్నను, నేల నల్లరేగడి యైనను, అన్నదమ్ములిద్దఱు పిదప పంచుకొనవలసిన ఇల్లైనను, నడువలేని వృద్ధులున్నను, సొంతముగా గీయించుటయే మేలు. ఎక్కువమంది రైతుల స్థితి ఈ రెంటి నడుమ నుండును. వారికి మంచి సిద్ధప్లానును తెచ్చుకొని ఇంజనీరుచేత తమ స్థలమునకు సరిచేయించుకొనుట చవుకైన మార్గము.

సరిచేయునప్పుడు ఒక హద్దు పాటింపవలెను. తలుపు తెఱచుకొను దిక్కు, అల్మారాలు, అటుకలు, గది పేరు, బరువు మోయని అడ్డుగోడ, ఇవి ఇంటివారు చెప్పి మార్చుకొనవచ్చును. పిల్లరును జరుపుట, బీమును తగ్గించుట, స్లాబు ఇనుమును పలుచన చేయుట, గోడలో పెద్ద కిటికీ తెఱచుట, లింటెలు ఎత్తున ఇంటి చుట్టును పోవు కాంక్రీటు పట్టీని తెంచుట, ఇవి ఇంజనీరు వ్రాతపూర్వకముగా ఒప్పుకొననిదే చేయరాదు. లాతూరులో కూలినది గోడలను బంధించు కట్టు లేకపోవుటచేతనే గదా!

ఖర్చులేని పరీక్ష యొకటి కలదు. మన పెద్దలు ఇంటిస్థలమున ముగ్గు పోసి, మేస్త్రిచేత గదులను నేలపైననే చూపించుకొనెడివారు. ఆ యాచారమును విడువవలదు. పునాదికి ముందు ప్లానును సున్నముతో నేలపై నిజమైన కొలతలకు గీయుడు. గోడల మందమును కూడ రెండు గీతలుగా చూపుడు. అందు మంచము తెచ్చి వేయుడు. నాలుగు బస్తాలు పెట్టుడు. ఇంటి ఆడువారిని వంటచోట నిలిచి, పొయ్యినుండి నీళ్లచోటికి నడచి చూడుమనుడు. వారి మాటకు చెవియొగ్గుడు. ఇంటిలో పగలెల్ల నుండువారు వారే. వృద్ధులను మంచమునుండి మరుగుదొడ్డి వఱకు నడిపించి చూడుడు. ఒక సాయంకాలము అచ్చట కూర్చుండి ఎండ ఏవైపునుండి వచ్చుచున్నదో కనుడు. సున్నపు గీతను చెఱుపుటకు కాలు చాలును. గోడను చెఱుపుటకు అప్పు కావలెను.

సంఘము చేయదగిన పని

ఒక్కొక్క రైతు వేర్వేఱుగా ఇంజనీరును పిలిపించుకొనుట భారము. ఒకే సంవత్సరమున ఇల్లు కట్టదలచిన పదిమంది సభ్యులు కలిసినచో ఆ రుసుమును పంచుకొనవచ్చును. ఇంజనీరు ఒకే పర్యాయము వచ్చి పది గుంటలలో మట్టి చూడవచ్చును. రెండు మూడు మూలప్లానులను తీసికొని, ఒక్కొక్క కుటుంబమునకు తగినట్లు సరిచేయవచ్చును. సిమెంటు, ఇనుము మొత్తముగా కొన్న ధరయు తగ్గును. కట్టిన పిదప ఏది బాగున్నది, ఏది బాగులేదు అను సంగతిని సంఘ సమావేశమున చెప్పుకొన్నచో, రాబోవువారికి ఆ ప్లాను మఱింత మంచిదగును. సిద్ధప్లానువలని పొదుపును, సొంతప్లానువలని వసతియు ఈ విధముగా ఒక్కచోట చేరును.

లాలాగూడ వరుసలలోని ఇల్లు దాని పనికి అది తగినదే. దానిని చూచి మనము నేర్వవలసినది సరళమైన కొలతలు, గట్టి పని, మరల మరల దొరకు తలుపులు కిటికీలు. దానినుండి తెచ్చుకొనరాదనినది గదుల అమరిక. ఆ యమరికను బదిలీపై వచ్చిపోవువారికొఱకు గీసిరి. మన యింటినుండి బదిలీ లేదు. కావున సభ్యులు తొందరపడక, సున్నము పట్టుకొని ఒక దినము తమ స్థలమున గడపి, పిదపనే పునాదికి ముహూర్తము పెట్టుకొందురుగాక.